మూత్రము పట్టు తప్పినవారికి నాడీ ప్రేరణ: ముందుగా జరుగు పరీక్ష ఎట్లుండును?

గ్రామసభకు చాటింపు వేసినను రానివారు ప్రతి గ్రామమునందును కొందరుందురు. వారిలో కొందరికి సభపై ఆసక్తి లేదు. కొందరికి పని తీరదు. మరికొందరు రాకపోవుటకు కారణము వేరు. దానిని వారు ఎవరికిని చెప్పరు. మూత్రము వచ్చుచున్నదని తోచిన మరుక్షణముననే వారు లేచి పోవలెను; పోవులోపలనే బట్ట తడిసిపోవును. అట్టివారు సభకే కాదు, పెండ్లికిని, బస్సు ప్రయాణమునకును, కూలిపనికిని వెనుదీయుదురు. దాహమైనను నీరు త్రాగరు. కోడలికి తెలియకుండ చీకటితోనే లేచి పక్కబట్టలు ఉతుకుకొందురు. స్త్రీలలో ఈ బాధ ఎక్కువ, వయస్సుతో పెరుగును. అంతమాత్రమున పురుషులకు లేదనుకొనరాదు.

ఇది ముసలితనమున తప్పక వచ్చి తీరునది కాదు, పాపఫలమును కాదు. వైద్యమున్న వ్యాధి. ఆ వైద్యములలో ఒకటైన నాడీ ప్రేరణను గూర్చి, ముఖ్యముగా దానికి ముందు జరుగు పరీక్షను గూర్చి, ఈ వ్యాసమున వివరింపదలచితిమి. పంచాయతీ సభ్యులకు దీనితో పనియేమి యని కొందరడుగవచ్చును. పని కలదు. నగరములోని పెద్ద ఆసుపత్రికి పోయివచ్చిన రోగి "నడుములో కరెంటు తీగ పెట్టుదురట, లక్షలు కావలెనట" అని చెప్పినపుడు ఆ కుటుంబమువారు సలహా కోరి వచ్చునది వార్డు సభ్యుని కడకో, సర్పంచు కడకో. ఉన్న ఎకరము పొలమును తాకట్టు పెట్టవలెనా, వద్దా యను ప్రశ్న అప్పుడు పుట్టును. ఆ ప్రశ్నకు ఊహతో కాక, కన్నులార చూచి సమాధానము చెప్పుకొనుటకే ఈ పరీక్ష యున్నది. కొలది దినములు తాత్కాలికముగా ప్రేరణ ఇచ్చి చూచి, గుణము కనిపించినవారికే శాశ్వతమైన పరికరమును అమర్చుదురు. గుణము లేనివారికి తీగను తీసివేయుదురు.

చెరువు, తూము, నీరుగంటి

మూత్రపిండములలో తయారైన మూత్రము కొద్దికొద్దిగా మూత్రాశయమునకు చేరును. పెద్దవారి మూత్రాశయమున ఇంచుమించు 400 మొదలు 500 మిల్లీలీటర్ల వరకు పట్టును. సగమునకు అటునిటుగా నిండునప్పటికి "ఇక పోవలెను" అను మొదటి తలపు కలుగును. ఆరోగ్యవంతుడు ఆ తలపును కొంతసేపు వాయిదా వేయగలడు. పగటివేళ ఏడెనిమిది మారులకు మించకుండ పోవుట సామాన్యము.

ఊరి చెరువుతో పోల్చి చూచినచో విషయము సులభముగా బోధపడును. చెరువు నిండుచుండును, తూము మూసియుండును. నీరెంత చేరినదో చూచి, తూమును ఎప్పుడు తీయవలెనో నిర్ణయించువాడు నీరుగంటి. మన శరీరమున ఆ నీరుగంటి మెదడు. కట్ట మీదినుండి నీరుగంటికి, నీరుగంటి నుండి తూమునకు కబురు మోయునవి నాడులు. ఈ నాడులు వెన్నెముక అడుగున, పిరుదులకు కొంచెము పైగా నుండు త్రికాస్థి యను ఎముకలోని రంధ్రముల గుండ వెలువడును. ఆ ఎముకకు రెండు ప్రక్కల నాలుగేసి రంధ్రములు కలవు. వానిగుండ వచ్చు రెండవ, మూడవ, నాల్గవ నాడులు మూత్రాశయమునకు సంబంధించినవి. నాడీ ప్రేరణకు సాధారణముగా ఎన్నుకొనునది మూడవ దానిని.

కబురు తప్పినపుడు రెండు విధములైన చిక్కులు కలుగును. మొదటిది, చెరువు పావువంతు నిండకమునుపే "గండి పడుచున్నది" అని ఎవరో కేక వేసినట్లు, కొద్దిపాటి మూత్రమునకే పట్టరాని త్వర కలుగుట. పగలు పది పన్నెండు మారులు, రాత్రి నాలుగైదు మారులు లేచువారు, త్రోవలోనే తడిసిపోవువారు ఈ కోవకు చెందినవారు. రెండవది దీనికి సరిగా వ్యతిరేకము. చెరువు నిండి యున్నను కబురు అందక తూము తెరువబడదు. మూత్రము నిలిచిపోయి, కెథీటరు అను సన్నని గొట్టము వేసి తీయవలసి వచ్చును. ఒకే చికిత్స ఈ రెంటికిని పనిచేయుట వింతగా తోచును గాని, చికిత్స జరుగునది కండరమునకు కాదు, కబురునకు. తూమును బలవంతముగా తెరుచుటయు, మూయుటయు దీని పని కాదు. నీరుగంటికి చేరు కబురును కుదురుపరచుట దీని పని.

ఇచ్చట ఒక మాట చెప్పవలసి యున్నది. మన ఊళ్లలో రక్తము పారు గొట్టమునకును, స్పర్శను మోయు నాడికిని "నరము" అనునది ఒకటే పేరు. సూదిమందు నరమునకు ఇచ్చిరనునపుడు అది రక్తనాళము. ఈ చికిత్సలో చెప్పు నరము అది కాదు. ఈ భేదమును ముందుగా తెలుపకున్నచో "నరములో తీగ గుచ్చుదురు, రక్తమంతయు పోవును" అను భయము పుట్టి, రావలసినవారు కూడ రారు. నిజమునకు తీగను నాడిలో గుచ్చరు. నాడి చెంత నుంచుదురు. ఆ తీగ గుండ ప్రవహించు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. చిన్న బ్యాటరీనుండి వచ్చునది. సాధారణముగా సెకనుకు 14 మారులు నాడిని మెల్లగా తట్టునది. ఇంటి దీపములకు వచ్చు కరెంటుతో దీనికి పోలిక లేదు. మానసిక వ్యాధులకు తలకు ఇచ్చు విద్యుత్ చికిత్సతోను దీనికి సంబంధము లేదు.

విద్యుత్తుతో మూత్రాశయమునకు వైద్యము చేయు తలంపు నేటిది కాదు. 1878లోనే డెన్మార్కు దేశపు వైద్యుడు శాక్స్‌టార్ఫ్ మూత్రము నిలిచిపోయినవారికి ఈ త్రోవను ప్రయత్నించెను. త్రికాస్థి వద్ద నాడిని ప్రేరేపించు పద్ధతిని రూపొందించినవారు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన టనాగో, ష్మిట్ అను వైద్యులు. 1980 దశకపు తొలి సంవత్సరములలో వారి కృషి మనుష్యులపై ఫలించెను. ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 1997లో త్వరతో కూడిన మూత్రస్రావమునకును, 1999లో మాటిమాటికి మూత్రము వచ్చుటకును, అడ్డంకి లేకున్నను మూత్రము నిలిచిపోవుటకును, 2011లో మలము పట్టు తప్పుటకును దీనిని అంగీకరించెను. మన దేశమున మహానగరములలోని కొన్ని పెద్ద ఆసుపత్రులలో ఈ చికిత్స లభించుచున్నది.

అందరికిని కాదు

మూత్రము కారినంతనే నాడీ ప్రేరణ కావలెనని అనుకొనుట పొరపాటు. దగ్గినపుడు, తుమ్మినపుడు, బిందె ఎత్తినపుడు మాత్రమే కారువారికి లోపము కబురులో లేదు. మూత్రద్వారమును ఆనుకొని యుండు కండరముల పట్టు సడలినది. వారికి వేరు చికిత్స. ప్రసవ సమయమున ఏర్పడిన రంధ్రము వలన రేయింబవళ్లు మూత్రము కారు స్త్రీలకు ఆ రంధ్రమును మూయు శస్త్రచికిత్స కావలెను. ప్రోస్టేటు గ్రంథి పెరిగి దారి మూసికొన్న పురుషులకు ముందు ఆ అడ్డంకి తీరవలెను. చీము, రాయి, చక్కెర వ్యాధి, జారిన గర్భసంచి మున్నగువానిలో ఏదియైనను కారణము కావచ్చును. కనుక మూత్రపరీక్షయు, రక్తములోని చక్కెర పరీక్షయు మొట్టమొదట జరుగవలెను. వీనికొరకు నగరమునకు పోనవసరము లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముననే జరుగును.

కారణము తెలిసిన పిమ్మట కూడ మెట్లు కలవు. కాఫీ, టీలను తగ్గించుట, గడియారము చూచి పోవుచు, మెల్లమెల్లగా ఆ వ్యవధిని పెంచుట, 1948లో కెగెల్ అను వైద్యుడు ప్రచురించిన కటి కండరముల వ్యాయామము, ఆపై మాత్రలు. ఈ మాత్రలు గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును. కొన్నిటివలన నోరెండుట, మలబద్ధము కలుగును. నాలుగు దినములు మ్రింగి మానివేసినవానిని "మాత్రలకు లొంగని రోగి" యని లెక్కింపరాదు. ఈ మెట్లన్నియు ఎక్కినను ఫలము లేకున్నపుడే నాడీ ప్రేరణ పరీక్ష ప్రస్తావనకు వచ్చును. ఆ దశలో మరి రెండు మార్గములు కూడ కలవు: మూత్రాశయపు గోడలోనికి బొట్యులినమ్ మందును సూదితో ఎక్కించుట ఒకటి, చీలమండ వద్ద నాడికి వారమునకొకమారు అరగంట చొప్పున 12 వారములు ప్రేరణ ఇచ్చుట రెండవది. వీనిని కూడ వైద్యుని అడుగుట రోగి హక్కు.

పరీక్షకు ముందు లెక్క

పరీక్షకు ముందు కనీసము మూడు దినముల లెక్క వ్రాయవలెను. ఏ వేళకు మూత్రమునకు పోయిరి, ఎంత వచ్చినది, ఎన్నిమారులు బట్ట తడిసినది, ఎంత నీరు త్రాగిరి అనునవి అందుండవలెను. కొలతకు గీతలున్న ఒక ప్లాస్టికు పాత్ర చాలును. ఈ లెక్క లేకున్నచో పరీక్షకు విలువ లేదు. ముందెంత యుండెనో తెలియక, తరువాత ఎంత తగ్గినదో ఎవరు చెప్పగలరు?

చదువు రానివారు ఈ పని చేయలేరని కొందరు వైద్యులు సందేహింతురు. మేము దీనిని ఒప్పము. పాలకేంద్రమునకు పోసిన పాలలెక్కను వేలిముద్రవారు కూడ తప్పక జ్ఞాపకముంచుకొందురు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, రాత్రి యని నాలుగు చిప్పలు పెట్టి, పోయినప్పుడెల్ల ఒక చింతగింజను, బట్ట తడిసినప్పుడు ఒక శనగగింజను వేసినను లెక్క నిలుచును. మరునాటి ఉదయము ఆశా కార్యకర్త ఆ గింజలను లెక్కించి కాగితమునకెక్కింపవచ్చును. మనుమని చేత వ్రాయించుటకు పెద్దలు సిగ్గుపడుదురు. కనుక ఇంటివారు కాని ఒక స్త్రీ ఈ పనికి మేలు.

మరియొక ముఖ్య విషయము. ఈ బాధ గలవారు నీరు తగ్గించుటకు అలవాటు పడియుందురు. లెక్క వ్రాయు దినములలోను, పరీక్ష దినములలోను ఒకే రీతిగా నీరు త్రాగవలెను. పరీక్షలో మంచి ఫలితము రావలెనని దాహమును బిగబట్టినవారు తమ్ము తామే మోసగించుకొందురు. ఆపై లక్షలు పోసి అమర్చుకొన్న పరికరము, మామూలుగా నీరు త్రాగిన దినమున, పనిచేయలేదని వాపోవుదురు.

తీగ నుంచు దినము

ఈ పరీక్ష రెండు రకములు. భేదము డబ్బు విషయమున పెద్దది గనుక సభ్యులు దీనిని గుర్తుంచుకొనవలెను.

మొదటి రకమున వెండ్రుక వంటి సన్నని తాత్కాలిక తీగను సూది గుండ నాడి చెంతకు పంపుదురు. రోగి బోర్ల పండుకొనును. నడుము క్రింది భాగమును శుభ్రపరచి, ఆ చోటికి మాత్రమే మత్తుమందు ఇత్తురు, తెలివి తప్పదు. సూది సరియైన చోటికి చేరినదని తెలియుటకు కొద్దిగా విద్యుత్తు పంపుదురు. అప్పుడు మలద్వారపు కండరము లోనికి ముడుచుకొనును. కాలి బొటనవ్రేలు వంగుటయు కలదు. రోగికి మర్మస్థానము వద్ద మెల్లగా తట్టినట్లో, చిమచిమలాడినట్లో, లాగినట్లో తోచును. "ఎక్కడ తెలియుచున్నది?" అని వైద్యుడడుగును. సిగ్గుపడి "ఏమో" అనరాదు. ఉన్నదున్నట్లు చెప్పవలెను, ఏలయన ఆ సమాధానమును బట్టియే తీగ స్థానము నిర్ణయమగును. స్త్రీలు తమతో తోడుగా ఒక స్త్రీని లోనికి రానిమ్మని ముందుగనే కోరవచ్చును. ఈ పని సాధారణముగా గంటలోపల ముగియును. తీగకొనను వీపుపై పట్టీతో అంటించి, నడుమున కట్టుకొను చిన్నపెట్టెకు కలిపి, ఆ దినముననే ఇంటికి పంపుదురు. ఈ పరీక్ష మూడు మొదలు ఏడు దినముల వరకు సాగును.

రెండవ రకమున శాశ్వతముగా నుండదగిన తీగనే శస్త్రచికిత్సా గదిలో, ఎక్స్-రే సహాయముతో నుంచుదురు. ఈ తీగకు చిన్న ముళ్ల వంటివి యుండి కదలకుండ పట్టుకొనును. పెట్టె మాత్రము శరీరమునకు వెలుపలనే యుండును. పరీక్ష సాధారణముగా రెండు వారములు. ఫలితము మరింత నమ్మదగినది. కాని తీగ ఖరీదైనది. పరీక్ష విఫలమైనచో ఆ ఖర్చు తిరిగిరాదు, తీగను తీయుటకు మరల గదిలోనికి పోవలెను. మొదటి రకమున తీగ చౌక, పట్టీ విప్పి లాగినంతనే వచ్చును. కాని సులభముగా జరిగిపోవును. అందుచేత మొదటి రకము పరీక్షలో ఫలితము లేకున్నంతనే "ఇక ఆశ లేదు" అనుకొనరాదు. తీగ కదలియుండవచ్చును. వైద్యులు కొందరికి రెండవ రకమును సూచింతురు.

ఇంటివద్ద గడుపు దినములు

మన గ్రామజీవనమున ఈ పరీక్షకు నిజమైన కష్టమంతయు ఇక్కడనే కలదు. పుస్తకములలో "వంగరాదు, మెలితిరుగరాదు, బరువు లేపరాదు, చేతులు తలపైకి చాపరాదు" అని ఒక్క వాక్యమున వ్రాసియుందురు. దాని అర్థమేమి? నాట్లు వేయరాదు, కలుపు తీయరాదు. బిందెతో నీరు తేరాదు. పేడ ఎత్తరాదు, పాలు పితుకుటకు కూర్చుండరాదు. అటకమీది డబ్బా దింపరాదు. ఎడ్లబండిలోను, ట్రాక్టరు తొట్టిలోను కుదుపులు పడుచు పోరాదు. వాకిలి ఊడ్చుట, రోటిలో దంచుట మానవలెను. భార్యాభర్తలు ఆ దినములలో దూరముగా నుండవలెను. గొంతు కూర్చుండు మరుగుదొడ్డి మాత్రమే యున్నవారు, కుర్చీవంటి దానిని ఏర్పాటు చేసికొనవలెనా యని వైద్యునడుగవలెను.

కనుక ఈ పరీక్షకు నాట్ల కాలమును, కోతల కాలమును ఎన్నుకొనరాదు. ఇంటిపని చేయుటకు వేరొకరు లేని స్త్రీని పరీక్షకు పంపుటయనగా పరీక్షను ముందుగనే చెడగొట్టుటయే. ఒక వారము దినములు ఆమెకు నీరు తెచ్చిపెట్టు మనిషిని, పశువులను చూచు మనిషిని కుదుర్చుట స్వయంసహాయక సంఘపు స్త్రీలకు కష్టము కాదు. ఊరు దూరమైనవారు ఆ దినములను ఆసుపత్రి యున్న నగరముననే బంధువుల ఇంట గడుపుట ఉత్తమము.

పట్టీ తడియరాదు. స్నానము మాని, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకొనవలెను. వేసవిలో ఇది దుర్భరము. కాబట్టి చలికాలము మేలు. చీర కుచ్చెళ్ల ముడియు, లుంగీ ముడియు, మొలత్రాడును తీగపై ఒరయకుండ చూచుకొనవలెను. పెట్టెకు తీగ కలియు చోటును పిల్లలు లాగకుండ కాపాడుకొనవలెను.

ప్రేరణ నొప్పిగా నుండరాదు. మెల్లని తట్టు మాత్రమే తెలియవలెను. కొందరికి కొంతసేపటికి అదియును తెలియదు. కూర్చుండునపుడు, పండుకొనునపుడు ఆ స్పర్శ ఎక్కువ తక్కువలగుట సహజము. దానిని తగ్గించు, పెంచు విధమును ఆసుపత్రిలో చూపుదురు. రోగికే కాక తోడువచ్చినవారికి కూడ నేర్పుమని అడుగవలెను. స్పర్శ హఠాత్తుగా తొడకో, పాదమునకో మారినను, పూర్తిగా మాయమైనను తీగ జరిగినదని అనుమానించి ఆసుపత్రికి ఫోను చేయవలెను. జ్వరము, చలి, పట్టీ వద్ద ఎరుపు, వాపు, చీము, పెరుగుచున్న నొప్పి, కాలి బలము తగ్గుట కనిపించినచో ఆలస్యము చేయరాదు. తీగను తామే లాగివేయరాదు. నాటు మందులు, పసుపు, బూడిద మున్నగునవి ఆ చోట పూయరాదు.

ఎవరు తీర్పు చెప్పవలెను?

పరీక్ష ముగిసిన పిదప ముందు లెక్కను, పరీక్ష దినముల లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూచుదురు. బాధ సగమునకు తగ్గినచో, లేక అంతకుమించి తగ్గినచో, పరీక్ష సఫలమైనట్లు వైద్యులు భావింతురు. ఉదాహరణకు దినమునకు నాలుగుమారులు బట్ట తడియుచుండినది రెండు మారులకో, ఒకమారునకో దిగవలెను. మూత్రము నిలిచిపోవువారి విషయమున, కెథీటరుతో తీయవలసిన మూత్రము అదే రీతిగా తగ్గవలెను. పూర్తిగా నయమగుట కొందరికే. దానిని అందరికిని ఆశ చూపరాదు.

అంకెలకు లోబడని విషయమొకటి కలదు. మనవారు పెద్ద వైద్యుని యెదుట "తగ్గినదయ్యా, మీ దయ" అని మర్యాదకు చెప్పుట అలవాటు. ఇన్నాళ్లు ఖర్చుపెట్టిన కుమారుని ముఖము చూచి "ఏమియు మారలేదు" అని చెప్పుటకు తల్లికి నోరు రాదు. ఈ మర్యాద ఇక్కడ హాని చేయును. పరీక్షలో గుణము లేకుండుట రోగి తప్పు కాదు, వైద్యుని తప్పును కాదు. అది కూడ ఒక సమాధానమే. కుటుంబమునకు లక్షలు మిగిల్చిన సమాధానము. సగము తగ్గినను, ఆ మాత్రపు మేలునకై జీవితాంతము పరికరమును మోయుట తనకు ఇష్టము లేదని రోగి చెప్పినచో, అదియు గౌరవింపదగినదే. తీర్పు చెప్పవలసినది రోగియే గాని కొడుకు కాదు, కంపెనీ మనిషి కాదు, మనమును కాదు.

తీగ తీసివేసిన తరువాత, లేక ప్రేరణ ఆపిన తరువాత పాత బాధ మరల రావచ్చును. దీనికి బెదరనక్కరలేదు. ఈ చికిత్స వ్యాధిని వేరుతో పెరుకునది కాదు. ప్రేరణ యున్నంతకాలమే గుణముండును.

పరీక్ష సఫలమై రోగి ఒప్పుకొన్నచో, చిన్న పెట్టె వంటి పరికరమును పిరుదు పైభాగమున చర్మము క్రింద అమర్చుదురు. పరికరమును బట్టి బ్యాటరీ కొన్ని సంవత్సరములు మొదలు పదునైదు సంవత్సరముల వరకు పనిచేయును. కొన్నిటికి వెలుపలినుండి చార్జి పెట్టుచుండవలెను. కొందరికి తీగ జరుగుట, నొప్పి, చీము వంటి కారణములచేత మరల శస్త్రచికిత్స అవసరమగును. ఎమ్.ఆర్.ఐ. తీయించుకొనుటకు ముందు పరికరము సంగతి చెప్పితీరవలెను. లోతుగా వేడి పుట్టించు డయాథెర్మీ చికిత్స వీరికి పనికిరాదు. గర్భము ధరింపగోరు స్త్రీలును, గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారును, రక్తము పలుచబరచు మందులు వాడువారును ఆ విషయమును పరీక్షకు ముందే తెలుపవలెను.

పంచాయతీ చేయదగిన పని

మొదటిది, రహస్యమును కాపాడుట. సహాయమునకై వచ్చిన దరఖాస్తులోని వ్యాధి పేరును సభలో చదువరాదు. రెండవది, మా దృష్టిలో అన్నిటికన్న సులభమైనది: పంచాయతీ కార్యాలయమునందును, సంత జరుగుచోటను, బస్సు ఆగుచోటను నీరున్న మరుగుదొడ్డి, తలుపునకు గడియ. నాడీ ప్రేరణ వేయింటిలో ఒకరికి అవసరమగునో లేదో. గడియ ఉన్న తలుపు అందరికిని అవసరము. స్త్రీ సభ్యులు సంఘపు సమావేశములలో ఈ బాధను గూర్చి ఒకమారు మాటలాడినచో, దాచుకొన్నవారు తరువాత ఒంటరిగా వచ్చి అడుగుదురు.

ఇక డబ్బు విషయము. శాశ్వత పరికరమునకు లక్షల రూపాయలగును. ప్రభుత్వ ఆరోగ్య పథకమున గాని, రోగికి గల బీమాలో గాని ఈ చికిత్స చేరియున్నదో లేదో, చేరియున్నచో పరీక్ష కూడ అందున్నదో లేదో, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర వద్ద వ్రాతమూలముగా తెలిసికొనవలెను. నోటిమాటను నమ్మి అడ్వాన్సు కట్టరాదు. పరీక్షకు పూర్వమే శాశ్వత పరికరపు ధరను కూడ కలిపి కట్టుమని ఎవరైనను ఒత్తిడి చేసినచో ఆగవలెను. పరీక్ష ఫలితము తెలియకముందు ఆ డబ్బుతో పని లేదు.

ఆసుపత్రికి పోవు కుటుంబమునకు ఒక కాగితముపై ఈ ప్రశ్నలు వ్రాసి ఇచ్చుట మంచిది. రెండు రకముల పరీక్షలలో మాకు చేయునది ఏది, ఎన్ని దినములు? పరీక్షకు మాత్రమే ఎంత అగును? విఫలమైనచో మరల కట్టవలసినది ఎంత? బ్యాటరీ ఎన్నేండ్లు వచ్చును, మార్చుటకు ఎంత అగును? ఈ పరికరముతో ఎమ్.ఆర్.ఐ. తీయవచ్చునా? అర్ధరాత్రి తీగ ఊడినచో ఎవరికి ఫోను చేయవలెను? చివరిదానిని మరువరాదు: పరికరమును సవరించు నిపుణుడు ఆ ఆసుపత్రిలోనే ఉండునా, లేక వేరొక నగరమునుండి ఎప్పుడైన ఒకమారు వచ్చునా? ఊరినుండి రెండువందల కిలోమీటర్లు పోవలసినవారికి, ప్రతి సవరింపునకును అయ్యెడి బస్సుచార్జీలు, తోడువచ్చువాని కూలి నష్టము కూడ చికిత్స ఖర్చులోనివే.